మూడేళ్లు వాడాక మా మున్సిపల్ కంప్లైంట్ యాప్ గురించి, వీల్‌చైర్ తోసేవాళ్ల కోసం

రెండేళ్ల కిందట ఇదే యాప్‌కి ఐదు స్టార్లు ఇచ్చినదాన్ని నేనే. ఓటీపీ, ఫొటో పెట్టడం, లొకేషన్ అవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా. నాకు కడుపు మండేది ఒక్కదానికే, మనల్ని అడక్కుండా "పరిష్కరించబడింది" అని క్లోజ్ చేసెయ్యడం.

నాన్నకి స్ట్రోక్ వచ్చినప్పట్నించి రోజూ సాయంత్రం వీల్‌చైర్‌లో పార్కు దాకా తీసుకెళ్తా. సిగ్నల్ పడితే చాలు బైకులన్నీ ఫుట్‌పాత్ ఎక్కేసేవి, వెనకనించి హారన్ కొడుతుంటే నాన్న భుజాలు బిగుసుకుపోయేవి. యాప్‌లో పెట్టా, పది రోజుల్లో మనుషులొచ్చి ఫుట్‌పాత్ మొదట్లో ఇనప పైపులు పాతేశారు. ఆ ఐదు స్టార్లు అప్పటివే. తీరా సాయంత్రం నాన్నని తీసుకెళ్తే కుర్చీ పైపుల మధ్య పట్టలేదు. సందు 24 అంగుళాలు, మా కుర్చీ చక్రాలతో కలిపి 26. బైకులు ఆగాయి, వాటితోపాటు నాన్న కూడా.

మళ్లీ యాప్ తెరిస్తే లిస్టులో గుంతలు, చెత్త, వీధిదీపాలు, డ్రైనేజీ, ఆక్రమణ ఉన్నాయిగానీ వీల్‌చైర్ అన్న మాటే లేదు. ఆక్రమణ కింద పెడితే ఆక్రమణ ఏమీ లేదని రెండ్రోజుల్లో క్లోజ్. "ఇతర" కింద పెడితే ఆ పైపుల ఫొటోనే పెట్టి పని పూర్తయిందని క్లోజ్, నేను తియ్యమంటున్నదే ఆ పైపుల్ని! మూడోసారి కోపంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, ఇలాంటి వసతులకి తప్పనిసరి నిబంధనలు పెట్టాల్సిందేనని 2024 నవంబర్లో సుప్రీంకోర్టు చెప్పింది (ఆ కేసులో రిపోర్టు ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే), అన్నీ టైప్ చేశా, అక్షరాల లిమిట్ దాటిందని సగంలో తెగిపోయింది.

చివరికి పనిచేసింది అమ్మ కుట్టుమిషన్ టేపు. పైపు నుంచి పైపుకి టేపు పట్టి అంకె కనపడేలా ఒక ఫొటో, కుర్చీ ఇరుక్కున్నది ఇంకో ఫొటో పెట్టా. మూడోరోజు ఆఫీసు నుంచి ఒకబ్బాయి ఫోన్ చేసి "మేడం, కుర్చీ తీసుకుని వస్తారా, నేనూ అక్కడికే వస్తా" అన్నాడు. వచ్చాడు, తనే తోసి చూశాడు, కాసేపు ఏం మాట్లాడలేదు. "బాబాయ్ గారూ, ఏమనుకోకండి, ఆ ఫొటోల్లో మాకు పైపులే కనపడ్డాయి" అన్నాడు నాన్నతో. వారంలో నడిమి పైపు కోసేశారు. ఆ రోజు నాన్న చీకటిపడేదాకా పార్కులోంచి కదల్లేదు.

కాకపోతే మొదలంటా కొయ్యలేదు, మూడంగుళాల మోడు మిగిలింది, కాళ్లు పెట్టుకునే పలక దానికి తగిలి ఒకసారి నాన్న ముందుకి తూలారు. దానిమీద పెడితే "ఇప్పటికే పరిష్కరించబడింది". అవతలి చివర ర్యాంప్ కూడా అంతే, 1:12 లెక్కన, అంటే అంగుళం ఎత్తుకి పన్నెండంగుళాల పొడవు చొప్పున, ఆరంగుళాల ఎత్తుకి ఆరడుగుల వాలుండాలి, అక్కడున్నది రెండడుగులు, నాన్నని వెనక్కి తిప్పి దింపుతున్నా.

గుంతలకీ వీధిదీపాలకీ ఇప్పటికీ ఇదే వాడతా, మా వీధి వరకూ త్వరగానే చేస్తారు. వీల్‌చైర్ సంగతికైతే టేపు ఫొటో తప్పనిసరి. నేను ఇంట్లోంచి పనిచేస్తా కాబట్టి పదకొండింటికి రమ్మన్నా వెళ్లగలిగా, ఒక్కళ్లే కుర్చీ నడుపుకుంటూ ఉద్యోగానికెళ్లే వాళ్లకి ఇన్నిసార్లు తిరగడం అయ్యే పనేనా అన్నది నేను చెప్పలేను. ప్రస్తుతానికి మూడు స్టార్లు, ఆ మోడు తీసేసిన రోజు వచ్చి మారుస్తా.