పనస చెక్క బేస్, లోపల రెండు ఫిల్టర్లు

నా చేతికి సరిపడేలా ఒక బేస్ గిటార్ చేయించుకున్నాను. లెక్కలు ముందే చెప్పేస్తాను. అయిన ఖర్చు 96,000 రూపాయలు. చేసిచ్చినాయన చెప్పిన గడువు నాలుగు నెలలు, చేతికొచ్చింది ఎనిమిది నెలలకు. వచ్చాక ఒకసారి మళ్లీ ఆయన షెడ్‌కు తీసుకెళ్లాల్సి వచ్చింది. అయినా ఇంకో బేస్ చేయించుకోవాలంటే నేను వెళ్లేది ఆయన దగ్గరికే. విశాఖలో నాతో పాటు వాయించేవాళ్లు చాలామంది దీని గురించి అడుగుతున్నారు కాబట్టి అన్నీ వివరంగా రాస్తున్నాను.

నేను కంచరపాలెంలో ఉంటాను. ఆదివారాలు చర్చిలో, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాతో బేస్ వాయిస్తాను. పదిహేడేళ్లయింది. మా అన్నయ్య ఉద్యోగానికి మస్కట్ వెళ్తూ తన బేస్ నాకిచ్చి వెళ్లాడు, ఇన్నాళ్లూ దాంతోనే నడిపాను. దాని బరువు 4.7 కిలోలు, స్కేల్ 34 అంగుళాలు. స్కేల్ అంటే నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దాకా తీగ మోగే పొడవు. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కు 34 అంగుళాలు పెట్టాడు, అప్పటి నుంచి ఎక్కువ కంపెనీలు అదే కొలత పట్టుకున్నాయి. నా చెయ్యి చిన్నది. మొదటి ఫ్రెట్ (మెట్టు) నుంచి నాలుగో ఫ్రెట్ దాకా వేళ్లు చాచి మూడు గంటలు వాయిస్తే రాత్రికి మణికట్టు లాగేది, ఎడమ భుజం పట్టేసేది. 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్‌లు దుకాణాల్లో దొరుకుతాయి కానీ, నేను వాయించి చూసినవాటిలో కింది ‘ఇ’ తీగ మరీ వదులుగా ఉంది. నాకు మధ్యలో, 32 అంగుళాలు కావాలి. రెడీమేడ్‌గా ఎక్కడా దొరకలేదు.

రెండో కారణం ఇంకా పెద్దది. ఆర్కెస్ట్రాలో నా బేస్ వినపడదు. నేల అదురుతుంది, సబ్‌వూఫర్ పక్కన నిలబడ్డవాళ్ల గుండె అదురుతుంది, కానీ నేను ఏ స్వరం మీద ఉన్నానో ఎవరికీ తెలియదు. కీబోర్డ్ వాయించే తమ్ముడి ఎడమ చెయ్యి కూడా సరిగ్గా నా చోటే ఉంటుంది. ట్రెబుల్ (పై ధ్వని) పెంచితే తీగల గీరుడు వినిపిస్తుంది, బాస్ (కింది ధ్వని) పెంచితే అంతా గుమ్ముమంటుంది. ఎన్నో ఏళ్లు ఇది నా చేతి లోపమే అనుకుని బాధపడ్డాను.

ఈ బేస్ చేసిచ్చినాయన షెడ్ గోపాలపట్నం దాటాక పెందుర్తి రోడ్డు మీంచి లోపలికి, ఇంటి వెనక రేకుల కింద ఉంటుంది. పేరు, నంబర్ రాయొద్దన్నారు కాబట్టి మేస్త్రీ గారు అనే రాస్తాను. చిన్నతనంలో బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణల పని నేర్చుకున్న మనిషి. తర్వాత విశాఖ వచ్చి వయొలిన్లు, గిటార్లు రిపేర్ చేస్తూ, గత కొన్నేళ్లుగా ఆర్డర్ మీద గిటార్లు చేస్తున్నారు. సర్క్యూట్ పని ఆయన మేనల్లుడిది.

నేను వెళ్తూనే చెక్కల గురించి అడగడం మొదలుపెట్టాను. ఆయన ఆపేశారు. “ఏటమ్మా, చెక్క సంగతి తర్వాత. ఏ పాటలో నీ బేస్ నీకే వినపడలేదో అది వాయించు” అన్నారు. వాయించాను. ఫోన్‌లో రికార్డు చేసుకున్నారు. తర్వాత నా వేళ్లు చాపించి స్కేలుతో కొలిచారు, పాత బేస్ తగిలించి నిలబెట్టి భుజం ఎటు వంగుతుందో చూశారు. గంటన్నర అయ్యాక గానీ పనస చెక్క బయటికి తీయలేదు. పదిహేడేళ్లలో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు.

బొబ్బిలి వీణ పనసతోనే చేస్తారు కదా, ఆయన చేతికి ఆ చెక్క బాగా అలవాటు. నా బేస్ బాడీకి వాడింది ఎనిమిదేళ్లుగా ఆయన షెడ్‌లో ఆరిన ముక్క. కోసినప్పుడు పసుపుపచ్చగా ఉంది, ఇప్పుడిప్పుడే తేనె రంగుకు తిరుగుతోంది, ఇంకా ముదురుతుందట. మెడకు మాత్రం పనస వద్దన్నారు. నాలుగు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు మెడను అరవై కిలోలకు పైగా బరువుతో లాగుతాయి, లోపల ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోహపు కడ్డీ) ఉన్నా చెక్క కూడా గట్టిగా నిలబడాలి. అందుకని రెండు టేకు ముక్కల మధ్య ఒక రోజ్‌వుడ్ పట్టీ పెట్టి అతికించారు. రోజ్‌వుడ్‌నే మన మన్యంలో జిట్రేగి అంటారు. తీగలను వేళ్లతో నొక్కే ఫింగర్‌బోర్డ్ కూడా అదే. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలని, లేకపోతే జిగురు పట్టదని చూపించారు. ఫ్రెట్లు 24, వీణకున్నన్ని. “వీణకైతే మెట్లు మైనంలో కూర్చోబెడతాం, తేడా వస్తే కరిగించి సర్దుకోవచ్చు. దీనికి రంపంతో గాడి కోస్తే కోసిందే” అన్నారు. ఆ గాడులు కోసిన రోజు నేను అక్కడే ఉన్నాను. షెడ్‌లో ఫ్యాన్ కూడా ఆపేశారు. మొత్తం బరువు 3.6 కిలోలు వచ్చింది. బెల్టు తగిలించుకుని చేతులు వదిలేస్తే మెడ కిందికి జారదు.

ఇప్పుడు అసలు విషయం, లోపలి ఎలక్ట్రానిక్స్.

బేస్ లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ పెట్టడం కొత్తేమీ కాదు. కాలిఫోర్నియాలో అలెంబిక్ వాళ్లు 1970ల మొదట్లోనే చేశారు. 1976లో మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే వచ్చాక మామూలు వాద్యకారులకూ అందింది. ఈరోజు దుకాణంలో దొరికే ఇలాంటి బ్యాటరీ (యాక్టివ్) బేస్‌లలో ఎక్కువ వాటికి బాస్, మిడ్, ట్రెబుల్ అని మూడు నాబ్‌లుంటాయి. నేను కోరింది ఇంకో రకం. ఇంగ్లండ్‌లో ఇయాన్ వాలర్, పీట్ స్టీవెన్స్ కలిసి చేసిన వాల్ బేస్‌లలో ఒక్కో పికప్‌కు (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగానికి) విడివిడిగా లో-పాస్ ఫిల్టర్ ఉంటుంది. ఆ పద్ధతి కావాలని అడిగాను.

లో-పాస్ ఫిల్టర్ పని ఇది: ఒక హద్దు గీస్తుంది. హద్దు కిందున్న ధ్వనిని వదిలేసి, పైనున్నదాన్ని ఆక్టేవ్‌కు (హెర్ట్జ్ రెట్టింపైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున తగ్గించేస్తుంది. నాబ్ తిప్పితే ఆ హద్దే జరుగుతుంది. నా బేస్‌లో అది 150 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుంది. నాబ్‌ను పైకి లాగితే సరిగ్గా హద్దు ఉన్నచోట ధ్వని ఉబ్బుతుంది. నా సమస్యకు మందు ఈ ఉబ్బులోనే ఉంది. ‘ఇ’ తీగ అసలు స్వరం 41 హెర్ట్జ్. పెళ్లి పందిట్లో పెట్టే చాలా స్పీకర్లు అంత కిందికి సరిగా పలకవు, సబ్‌వూఫర్ పలికినా అది అదురులాగే తెలుస్తుంది. చెవి స్వరాన్ని గుర్తుపట్టేది దాని పైన 82, 123, 164 అంటూ పైకి వెళ్లే గుణిజాల వల్ల. హద్దును 400, 500 హెర్ట్జ్ మధ్య పెట్టి నాబ్ పైకి లాగితే అక్కడున్న గుణిజాలు ముందుకొస్తాయి, దాని పైనున్న గీరుడు పోతుంది. కీబోర్డ్ ఎడమ చెయ్యి కింద మోగుతున్నా నా స్వరం విడిగా వినిపిస్తుంది. మేస్త్రీ గారు ఆరోజు ఫోన్‌లో రికార్డు చేసిన పాట మేనల్లుడు కంప్యూటర్‌లో వేసి, నా బేస్ ఎక్కడ మునిగిపోతోందో చూసి, ఫిల్టర్ పరిధి దాని ప్రకారం పెట్టాడు. ఇంత శ్రద్ధ డబ్బిచ్చి కొనగలిగేది కాదు.

మొత్తం నాబ్‌లు నాలుగు: వాల్యూమ్, రెండు పికప్‌లను కలిపే బ్లెండ్, రెండు ఫిల్టర్లు. ఇక్కడ నాదొక కోరిక తీర్చారు. నాబ్‌లు ఏటికొప్పాకలో అంకుడు కర్రతో తిప్పించి, లక్క రంగు వేయించారు. ఫిల్టర్లు రెండూ జాఫ్రా గింజల ఎరుపు, మిగతావి పసుపు. కర్ర నాబ్ నేరుగా పాట్ (నాబ్ తిప్పే లోపలి భాగం) కాడకు బిగిస్తే కొన్నాళ్లకు వదులైపోతుంది కాబట్టి లోపల ఇత్తడి గొట్టం దింపి పక్కన చిన్న స్క్రూ పెట్టారు. స్టేజి మీద లైటు తగిలినప్పుడు ఆ ఎరుపు చూస్తే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

కష్టపెట్టిన విషయాలు కూడా రాయాలి.

సంక్రాంతి వెళ్లాక జనవరి చివర్లో 40,000 అడ్వాన్స్ ఇచ్చాను. మే నెలాఖరుకు ఇస్తానన్నారు. జూన్‌లో ఫోన్ చేస్తే వచ్చే వారం, జూలైలో చేస్తే వచ్చే వారం. వినాయక చవితి ప్రోగ్రాములన్నీ పాత బేస్‌తోనే, మణికట్టుకు పట్టీ కట్టుకుని వాయించాను. అసలు కారణం సెప్టెంబర్‌లో తెలిసింది. వర్షాలు మొదలయ్యాక మొదటి మెడ వెంట్రుకవాసి మెలి తిరిగిందట. ట్రస్ రాడ్ వంపును సరిచేస్తుంది గానీ మెలిని సరిచేయలేదు. అందుకని దాన్ని పక్కన పడేసి తన ఖర్చుతో ఇంకోటి చేశారు. చేసిన పని నూటికి నూరు పాళ్లు సరైనదే. ఆ మాట జూలైలోనే నాకు చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం వల్ల రెండు నెలలు నేను పడ్డ టెన్షన్, అడ్వాన్స్ పోయిందేమో అని ఇంట్లో పడ్డ మాటలు, ఇవి ఆయన తప్పు. ఎదురుగా కూర్చుని ఆ మాటే అన్నాను. తల వంచుకుని విన్నారు.

రెండోది బ్యాటరీ. బేస్ వచ్చిన మూడో వారం, ఆదివారం ఆరాధనలో రెండో పాట మధ్యలో శబ్దం చిరిగినట్టయి ఆగిపోయింది. కొత్త బ్యాటరీ వేస్తే అదీ నెల తిరక్కుండానే అయిపోయింది. కేబుల్ పెట్టి ఉంచితే సర్క్యూట్ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి నేనే తీయడం మరిచానేమో అనుకున్నాను. మేనల్లుడు మీటర్ పెట్టి చూస్తే 11 మిల్లీయాంపియర్లు లాగుతోంది. 9 వోల్ట్‌ల ఆల్కలైన్ బ్యాటరీలో ఉండేది సుమారు 500 మిల్లీయాంపియర్ అవర్లు, అంటే 45 గంటలు. శబ్దం శుభ్రంగా ఉండాలని అతను టీఎల్074 చిప్‌లు రెండు వేశాడు. ఒక్కో చిప్‌లో నాలుగు ఆంప్లిఫయర్లు, ఒక్కోటి 1.4 మిల్లీయాంపియర్లు తింటుంది. వాటి స్థానంలో అదే కాళ్లున్న టీఎల్064లు వేస్తే మొత్తం వాడకం 2 లోపుకు వచ్చింది. చిప్‌లు సాకెట్లలో కూర్చోబెట్టి ఉన్నాయి కాబట్టి ఐదు నిమిషాల పని. బదులుగా సన్నని ‘స్‌స్’ శబ్దం కొద్దిగా పెరిగింది. ఫిల్టర్ పూర్తిగా తెరిచి, నాబ్ పైకి లాగి, నిశ్శబ్దమైన గదిలో ఉంటేనే వినిపిస్తుంది. నాకు ఈ బేరం నచ్చింది. ఇంట్లో రికార్డింగ్ చేసేవాళ్లయితే పాత చిప్‌లే ఉంచుకోండి.

అయితే మొదటి రోజే నేను బైపాస్ స్విచ్ అడిగాను. బ్యాటరీ చచ్చిపోయినా పికప్ శబ్దం నేరుగా కేబుల్ గుచ్చే జాక్‌కు వెళ్లేలా. “అవసరం లేదమ్మా” అన్నారు. ఆరాధన మధ్యలో ఆగిపోయాక డబ్బు తీసుకోకుండా పెట్టిచ్చారు గానీ, పూర్తయిన పనస చెక్కకు మళ్లీ డ్రిల్ వేస్తుంటే చూడలేక బయటికి వచ్చేశాను. మీరు చేయించుకుంటే ఈ స్విచ్ కాగితం మీద రాయించుకోండి, ఎవరు వద్దన్నా సరే.

ఇంకో చిన్న ఇబ్బంది: చెమట పట్టిన వేళ్లతో పాట మధ్యలో ఆ కర్ర నాబ్‌లు పైకి లాగడం కష్టం. మళ్లీ చేయిస్తే లాగే నాబ్‌ల బదులు చిన్న టాగుల్ స్విచ్‌లు అడుగుతాను.

డబ్బు ఎక్కడికి పోయిందంటే, పికప్‌లు 19,000, బ్రిడ్జ్, తీగలు శ్రుతి చేసే తేలికపాటి కీలు కలిపి 14,000, సర్క్యూట్ 9,500. మిగతాదంతా చెక్క, చేతి పని. ఈ డబ్బుకు పేరున్న కంపెనీ బేస్ వస్తుంది, అమ్ముకుంటే సగమైనా తిరిగొస్తుంది. దీన్ని నా చెయ్యి కొలత లేని మనిషి కొనడు. అది తెలిసే చేయించుకున్నాను.

నవంబర్‌లో గాజువాకలో ఒక రిసెప్షన్‌కు వాయించాం. పక్కనే జనరేటర్, పైన డిమ్మర్ లైట్లు, పాత బేస్‌తో ఇలాంటిచోట పాటకూ పాటకూ మధ్య ‘జ్‌జ్’ మని మోగేది. ఈ బేస్‌లో పికప్‌లు హమ్‌బకర్లు (ఆ మోతను రద్దు చేసే రకం), సర్క్యూట్ గూడు లోపలంతా రాగి రేకు అతికించారు, వాయించనప్పుడు పూర్తి నిశ్శబ్దం. మెల్లటి పాటలకు మెడ వైపు ఫిల్టర్ బాగా మూసేస్తే లోతుగా, గుండ్రంగా పలికింది. వేగం పాటకు బ్రిడ్జ్ వైపు ఫిల్టర్ సగం తెరిచి పైకి లాగాను. నాలుగో పాట అయ్యాక కీబోర్డ్ తమ్ముడు నా వైపు వంగి, “అక్కా, నువ్వు వాయిస్తుంటే ఎడమ చెయ్యి తీసేస్తాలే, అడ్డం వస్తోంది” అన్నాడు. మణికట్టుకు ఆరోజు పట్టీ లేదు.

సముద్రం గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి కాబట్టి వాయించాక పొడి గుడ్డతో తుడిచి బ్యాగ్‌లో పెడుతున్నాను. చలికాలం గాలి పొడిబారినప్పుడు మెడ కొంచెం కదిలింది. ట్రస్ రాడ్ పావు చుట్టు తిప్పి ఒక రోజు ఆగి చూడమని మేస్త్రీ గారు ముందే నేర్పారు, అలాగే చేశాను, సర్దుకుంది.

మొన్న సెటప్ చూపించడానికి వెళ్తే బల్ల మీద ఇంకో పనస బాడీ ఉంది, మర్రిపాలెం కుర్రాడి ఐదు తీగల బేస్‌ది. దాని ఆర్డర్ స్లిప్ గోడకు గుచ్చి ఉంది. బైపాస్ స్విచ్ అని మూడో వరుసలోనే రాశారు. గడువు దగ్గర ఎనిమిది నెలలు అని ఉంది.