కన్వాయ్ ఎస్2 ప్లస్ యూవీ టార్చి: సుపీరియర్ సరస్సు ఒడ్డున వెలిగే రాళ్ల వేటకు ఎంతవరకు పనికొస్తుంది?

కొన్ని రాళ్లు యూవీ (అతినీలలోహిత) వెలుగు పడితే చీకట్లో మెరుస్తాయి. చౌకగా దొరికే యూవీ టార్చీల్లో చాలావరకు 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవి. వాటి వెలుగులో ఊదారంగు కంటికి బాగా కనిపిస్తుంది. రాయి సన్నగా వెలిగితే ఆ ఊదాలోనే కలిసిపోతుంది. కన్వాయ్ ఎస్2 ప్లస్‌లో ఉన్నది 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ. దాని ముందు జడ్‌డబ్ల్యూబీ2 అనే నల్ల గాజు ఫిల్టరు ఉంటే, మిగిలిన కాస్త కనిపించే వెలుగూ ఆగిపోతుంది. అందుకే కొనేటప్పుడు వివరాల్లో ఫిల్టరు ఉందని రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే 20.5 మి.మీ. వ్యాసం ఉన్న ఫిల్టరు విడిగా కొనుక్కోవచ్చు. ముందు రింగు విప్పి, మామూలు గాజు తీసి, దాని స్థానంలో పెట్టాలి. రబ్బరు రింగు సరిగ్గా కూర్చోకపోతే ఒడ్డున తడి లోపలికి పోతుంది.

టార్చి చేతికి రాగానే చీకటి గదిలో ఏదైనా భారత కరెన్సీ నోటు మీద వేసి చూడండి. నంబర్లు, కాగితంలోని సన్నటి పోగులు వెలగాలి, కాగితం మాత్రం నల్లగానే ఉండాలి. నోటంతా లేత ఊదాగా కనిపిస్తే ఫిల్టరు లేదనో, పనిచేయడం లేదనో అర్థం. మామూలు తెల్ల కాగితంతో ఈ పరీక్ష కుదరదు. దానికి పూసే రసాయనం ఏ యూవీకైనా నీలంగా మెరుస్తుంది.

ఈ టార్చికి అసలైన చోటు మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలో సుపీరియర్ సరస్సు ఒడ్డు. డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్లకు వేసవి సెలవుల్లో వెళ్లగలిగే దూరమే. అక్కడి యూపర్‌లైట్లు పగలు చూస్తే సైనైట్ అనే అగ్నిశిలకు చెందిన మామూలు బూడిదరంగు గులకరాళ్లు. 2017లో రాళ్లు సేకరించే ఎరిక్ రింటమాకి వీటిని యూవీ వెలుగులో గుర్తించి ఆ పేరు పెట్టారు. లోపలి సోడలైట్ అనే ఖనిజంలో ఉండే గంధకం వల్ల 365 కింద రాతి నిండా నిప్పుకణికల్లాంటి నారింజ చారలు, చుక్కలు కనిపిస్తాయి. టార్చిని మోకాలి ఎత్తులో పట్టుకుని, నీటి అంచు వెంట అటూ ఇటూ నెమ్మదిగా తిప్పుతూ నడవాలి. ఎత్తు నుంచి వేస్తే వెలుగు పరుచుకుపోయి చిన్న చుక్కలు తప్పిపోతాయి. జూన్‌లో రాత్రి 11 దాటితే గానీ అక్కడ సరైన చీకటి పడదు. వెన్నెల లేని రాత్రులు చూసుకోండి. నడక కోసం తలకు ఎర్రలైటు కట్టుకుంటే కళ్లు చీకటికి అలవాటుపడే ఉంటాయి.

కొత్తవాళ్లు మోసపోయేది నీలంగా, తెల్లగా మెరిసే వాటి దగ్గర. చేపల వల దారం, ప్లాస్టిక్ ముక్కలు, బట్టల నూలు అన్నీ అలాగే వెలుగుతాయి. కాల్సైట్ కూడా వెలుగుతుంది గానీ దానికి సోడలైట్ చుక్కల తీరు ఉండదు.

ఇందులో ఛార్జింగ్ పోర్టు లేదు. 18650 అనే రీఛార్జబుల్ లిథియం సెల్ ఒకటి పడుతుంది, దానికి ఛార్జరు వేరే కావాలి. చలిలో సెల్ త్వరగా నీరసపడుతుంది కాబట్టి రెండోది లోపలి జేబులో వెచ్చగా పెట్టుకోండి. విమానంలో వెళ్తే అదనపు సెల్ చేతి సంచిలోనే ఉండాలి. టార్చి చిన్నది కావడంతో వేడి కూడా త్వరగానే ఎక్కుతుంది. వేడెక్కిన కొద్దీ ఎల్‌ఈడీ వెలుగు తగ్గుతుంది గనుక మధ్యమధ్య ఆపడం మంచిది. దూరం వెలుగు కావాలంటే ఇదే కంపెనీ సి8 టార్చి తీసుకోండి. గులకరాళ్ల మీద నడిచే పనికి మాత్రం ఎస్2 ప్లస్ వెడల్పు వెలుగే హాయి.

న్యూజెర్సీలోని ఫ్రాంక్లిన్, స్టెర్లింగ్ హిల్ గనుల్లో దొరికే వెలిగే రాళ్ల కోసమైతే దీన్ని కొనవద్దు. అక్కడి విల్లెమైట్ అనే ఖనిజం పచ్చదనం, కాల్సైట్ ఎరుపు పూర్తిగా పలికేది 254 నానోమీటర్ల షార్ట్‌వేవ్ ల్యాంపు కిందే. షీలైట్ అనే ఖనిజానికీ అదే కావాలి. ఇక ఇనుము ఎక్కువున్న రాయి ఏ టార్చికీ సరిగా వెలగదు, ఆ వెలుగును ఇనుమే చంపేస్తుంది.

కళ్ల విషయంలో అశ్రద్ధ వద్దు. ఈ వెలుగు పెద్దగా కనిపించదు కాబట్టి కంటిపాప చిన్నదవదు, రెప్ప మూసుకోదు. తడి రాళ్ల మీద నుంచి వెనక్కి కూడా కొడుతుంది. పాలీకార్బొనేట్ కళ్లద్దాలు పెట్టుకోండి. అద్దం గుండా తెల్ల కాగితం మీద టార్చి వేస్తే కాగితం వెలగకూడదు. వెలిగితే ఆ అద్దం పనికిరాదు. పిల్లల చేతికి ఈ టార్చి ఇవ్వకండి.

మిషిగన్ రాష్ట్ర భూముల్లో మనిషికి ఏడాదికి 25 పౌండ్ల రాళ్లు తీసుకోవచ్చు. అదే ఒడ్డున ఉన్న పిక్చర్డ్ రాక్స్ జాతీయ తీరంలో మాత్రం ఒక్క రాయి కూడా తియ్యకూడదు. పార్కు సరిహద్దు ఎక్కడుందో పగలే చూసి పెట్టుకోండి, చీకట్లో తెలియదు.

సెలవులకు ఊరు వచ్చేటప్పుడు దీన్నీ వెంట తెచ్చుకోండి. కట్టెల గుట్ట దగ్గరో, పాత గోడ వారనో వేసి చూస్తే తేలు నీలిపచ్చగా వెలుగుతూ దూరం నుంచే కనిపిస్తుంది.