అమెరికాలో అరెస్టు వివరాలు: షెరీఫ్ జాబితా, కోర్టు రికార్డు, డబ్బులడిగే సైటు... ఏది మేలు?

రాత్రి ఒంటిగంట దాటాక ఫోను. "అన్నా, మా రూమ్మేట్‌ని పోలీసులు తీసుకెళ్ళారు, ఎక్కడ పెట్టారో తెలియట్లేదు, గూగుల్లో కొడితే ఒక సైటు వాడి రికార్డు దొరికిందంటూ, చూడాలంటే డబ్బులు కట్టమంటోంది, కట్టేయనా?" ఇలాంటి ఫోన్లు ఈ కొన్నేళ్ళలో నాకు మూడు నాలుగు వచ్చాయి. నేను చెప్పే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: ముందు ఆ క్రెడిట్ కార్డు జేబులో పెట్టు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, అమెరికాలో "అరెస్టు రికార్డు" అని ఒకేచోట ఉండే ఫైలేమీ లేదు. పట్టుకునేది ఊరి పోలీసు, వేలిముద్రలూ ఫొటో తీసుకుని (దీన్నే బుకింగ్ అంటారు) లోపల పెట్టేది చాలాచోట్ల కౌంటీ షెరీఫ్ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, షెరీఫ్ దాని పోలీసు అధికారి), కేసు నడిచేది కోర్టులో, ఆ చరిత్రంతా పోగుచేసి పెట్టుకునేది రాష్ట్రమూ, ఎఫ్‌బీఐ. నలుగురి దగ్గరా నాలుగు ముక్కలుంటాయి, ఒకరి దగ్గరున్నది ఇంకొకరి దగ్గర ఉండకపోవచ్చు. కాబట్టి ఏది మేలో చెప్పాలంటే మీకు కావలసిందేమిటో ముందు తేలాలి. మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడన్నది ఒక ప్రశ్న, కేసు ఏమైందన్నది ఇంకో ప్రశ్న. ఈ రెంటినీ కలిపేసుకునే చాలామంది డబ్బులు వదిలించుకుంటారు.

ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియాలంటే కౌంటీ జైలు జాబితాను మించింది లేదు. షెరీఫ్ ఆఫీసు సైట్లోనే ఉంటుంది, ఉచితం, పేరు కొడితే బుకింగ్ నంబరు, ఏ నేరం మోపారు, బాండ్ (విడుదలకి కట్టాల్సిన పూచీ మొత్తం) ఎంత, కోర్టు తేదీ లాంటివి వస్తాయి. టెక్సస్‌లో అరెస్టయిన మనిషి ప్రాథమిక వివరాలు దాచడానికి వీల్లేదని పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టమే చెప్తుంది. కాలిఫోర్నియా చట్టం కూడా పేరు, అరెస్టు సమయం, బుకింగ్ సమయం, బెయిల్ మొత్తం, మోపిన నేరాలు బయటపెట్టమంటుంది. ఫ్లోరిడా సంగతి చెప్పనే అక్కర్లేదు, అక్కడ ప్రభుత్వ కాగితాల్లో చాలావరకు జనానివే.

కానీ కౌంటీ ఏదో మీకు తెలిసుండాలి. మనవాళ్ళు తడబడేది ఇక్కడే. "డల్లాస్‌లో అరెస్టయ్యాడు" అని డల్లాస్ కౌంటీ సైట్లో గంటసేపు వెతుకుతారు, తీరా మనిషి ఉండేది ఫ్రిస్కోలో, ఆ ఊరేమో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది. అట్లాంటా అంటారు, అల్ఫారెటా అయితే ఫుల్టన్ కౌంటీ, కమింగ్ అయితే ఫోర్సైత్. అరెస్టు ఏ రోడ్డు మీద జరిగిందో కనుక్కుని ఆ చోటు ఏ కౌంటీలోకి వస్తుందో చూసుకోండి, అతని ఇల్లు ఎక్కడన్నది అనవసరం. న్యూయార్క్ నగరంలోనైతే పద్ధతే వేరు, అక్కడి జైళ్ళు షెరీఫ్ చేతిలో ఉండవు, నగరపు కరెక్షన్ శాఖ చూసుకుంటుంది. జడ్జి ముందుకు తీసుకెళ్ళేదాకా మనిషి పోలీసుల దగ్గరే ఉంటాడు కాబట్టి ఆ శాఖ జాబితాలో మొదటి రోజు పేరు కనపడకపోతే కంగారు పడొద్దు.

రెండో తడబాటు పేరుతో. మన ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ జైలు కంప్యూటర్ దాకా వస్తుంది. పాస్‌పోర్టులో ఒక్కటే పేరున్నవాళ్ళకి వీసాలో ముందుపేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే ముందుపేరు తెలియదని, జైలువాళ్ళు దాన్నే ముందుపేరుగా ఎక్కించేసినా ఎక్కించేస్తారు. వెంకట, సాయి లాంటివి మధ్యపేరులో ఇరుక్కుపోతాయి, లక్ష్మికి ఇంగ్లీషులో రెండు మూడు స్పెల్లింగులు. నేనేం చేస్తానంటే ముందు ఇంటిపేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలే కొడతాను, రాకపోతే రెండు పేర్లూ తిరగేసి కొడతాను, అదీ కాకపోతే ఎఫ్‌ఎన్‌యూ. పుట్టిన తేదీతో సరిచూసుకోండి, ఒకే పేరుతో ఇద్దరుండటం మనలో మామూలే.

ఇంకో విషయం, ఈ జాబితా వెంటనే మారదు. బుకింగ్‌కే గంటలు పడుతుంది. విడుదలైతే కొన్ని కౌంటీలు పేరు వెంటనే తీసేస్తాయి, కొన్ని కొద్దిరోజులు ఉంచుతాయి. చిన్న నేరానికి టికెట్ రాసి అక్కడికక్కడే పంపేస్తే అసలు ఎక్కనే ఎక్కదు. అందుకే సైట్లో లేదంటే అరెస్టు కాలేదని కాదు. నన్నడిగితే రెండుసార్లు వెతికి దొరక్కపోతే జైలు బుకింగ్ డెస్కుకి ఫోన్ చేయడమే నయం. పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్తే ఉన్నాడో లేడో, బాండ్ ఎంతో చెప్తారు. విసుక్కుంటారు, అయినా చెప్తారు.

వైన్ (VINE) అని ఇంకో ఏర్పాటు ఉంది, బాధితుల కోసం పెట్టింది. 1993లో కెంటకీలోని లూయీవిల్లో జైలు నుంచి విడుదలైన మాజీ ప్రియుడు ఒక యువతిని చంపేశాడు, అతను బయటికొచ్చిన సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాతి ఏడాది అక్కడే ఈ ఏర్పాటు మొదలై ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. మనిషి జైల్లోంచి విడుదలైనా ఇంకోచోటికి మార్చినా ఫోన్‌కి సందేశం వస్తుంది. వివరాల్లో కౌంటీ జాబితాకి సాటిరాదు, కానీ గృహహింస కేసుల్లో వాడు ఎప్పుడు బయటికొస్తాడోనని టెన్షన్ పడేవాళ్ళకి దీనికన్నా మంచిది లేదు. ఎవరైనా వాడుకోవచ్చు, డబ్బులు అక్కర్లేదు.

కౌంటీలో కనపడకపోతే మిగిలిన దారులు: కేసు ఫెడరల్‌ది (కేంద్ర ప్రభుత్వానిది) అయితే ఫెడరల్ జైళ్ళు చూసుకునే బ్యూరో ఆఫ్ ప్రిజన్స్ వెతుకులాట పేజీ, 1982 నుంచీ ఉన్న ఖైదీల పేర్లు అందులో ఉంటాయి. అయితే విచారణకు ముందు యూఎస్ మార్షల్స్ చేతిలో ఉండే మనిషి అందులో కనపడకపోవచ్చు, చాలాసార్లు వాళ్ళని ఏదో కౌంటీ జైల్లోనే అద్దెకి పెట్టినట్టు పెడతారు. ఇమిగ్రేషన్ వాళ్ళు (ఐస్, ICE అనే శాఖ) పట్టుకుంటే ఐస్ డిటైనీ లొకేటర్ అనే వెతుకులాట పేజీ. దానిలో "A-నంబరు" (ఇమిగ్రేషన్ వాళ్ళు విదేశీయులకిచ్చే తొమ్మిది అంకెల నంబరు), పుట్టిన దేశం కొట్టాలి, లేదా పేరు అక్షరం తేడా లేకుండా, దాంతోపాటు పుట్టిన దేశం కొట్టాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు అందులో రారు. బాండ్ కట్టినా మనిషిని వదల్లేదంటే ఐస్ హోల్డ్ (మనిషిని వదలొద్దని ఐస్ పంపే కాగితం) ఉందేమో అడగండి, దాని మీద అదనంగా 48 గంటల దాకా ఉంచమని జైలుని కోరతారు. ఆ మాట వినపడితే క్రిమినల్ లాయరుతో పాటు ఇమిగ్రేషన్ లాయరు కూడా కావాలి, అదే రాత్రి.

ఇక రెండో ప్రశ్న, కేసు ఏమైంది. దీనికి జైలు జాబితా పనికిరాదు. అందులో ఉండేది పోలీసు మోపిన ఆరోపణ మాత్రమే. ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు లాయరు) దాన్ని తగ్గించి ఉండొచ్చు, కేసే పెట్టకపోయి ఉండొచ్చు, జడ్జి కొట్టేసి ఉండొచ్చు. సంబంధం కుదుర్చుకునేవాళ్ళు అబ్బాయి పేరు జైలు జాబితాలో చూసి "అమ్మో నేరస్థుడు" అనేసుకున్న సంగతి నాకు తెలుసు, ఆ కేసు రెండు నెలల్లోనే కొట్టేశారు. కోర్టు క్లర్క్ దగ్గరుండే డాకెట్ (కేసులో ఏ రోజు ఏం జరిగిందో రాసిన జాబితా) చూస్తే ఇది తేలిపోతుంది. మేరీలాండ్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్‌లలో రాష్ట్రమంతటి కేసులూ ఉచితంగా ఇంట్లో కూర్చునే వెతకొచ్చు. కాలిఫోర్నియాలో అలా కుదరదు, క్రిమినల్ కేసు పత్రాలు చూడాలంటే కోర్టు భవనానికి వెళ్ళాల్సిందే. ఫెడరల్ కేసులకి పేసర్ (PACER) అనే కోర్టుల వెబ్‌సైటు ఉంది, పేజీకి 10 సెంట్లు, ఒక డాక్యుమెంటుకి 3 డాలర్లు మించదు, మూడు నెలల్లో 30 డాలర్ల లోపు వాడితే అసలు బిల్లే వేయరు.

రాష్ట్రం నుంచి క్రిమినల్ హిస్టరీ తెప్పించుకోవడం మూడో దారి, డబ్బులవుతాయి. ఫ్లోరిడాలో మనిషికి 24 డాలర్లు. టెక్సస్ డీపీఎస్ (రాష్ట్ర ప్రజాభద్రత శాఖ) వెబ్‌సైట్లో జనానికి కనపడేది శిక్షలు, డిఫర్డ్ అడ్జుడికేషన్లు (తీర్పు వాయిదా వేసి షరతుల మీద వదిలినవి) మాత్రమే, ఉత్త అరెస్టులు రావు. ఎఫ్‌బీఐ రికార్డు 18 డాలర్లకి వస్తుంది, కానీ ఎవరిది వాళ్ళకే, పక్కవాళ్ళది ఇవ్వరు. ఏదో జరిగి ఏళ్ళు గడిచాక తన పేరు మీద ఏముందో చూసుకోవాలనుకునేవాళ్ళకి ఇది మేలు.

ఆన్‌లైన్లో లేని పోలీసు రిపోర్టు లాంటివి కావాలంటే రాష్ట్ర పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద ఉత్తరం రాయాలి. 1966 నాటి ఫోయా (FOIA, ఫెడరల్ సమాచార హక్కు చట్టం) ఫెడరల్ శాఖలకే వర్తిస్తుంది, కౌంటీకి దాని పేరు చెప్పి ప్రయోజనం లేదు. రోజులు పడుతుంది, ఆ రాత్రికి పనికొచ్చే దారి కాదు.

ఇప్పుడు ఆ డబ్బులడిగే సైట్ల సంగతి. గూగుల్లో అందరికన్నా పైన కనపడేవి ఇవే. "రికార్డు దొరికింది" అని ఎర్రక్షరాల్లో చూపిస్తాయి, దొరికినా దొరక్కపోయినా అదే మాట, డబ్బులు కట్టాక చూస్తే అదే కౌంటీ సైట్లోంచి ఎప్పుడో తోడుకున్న పాత వివరాలు, వాటిలో వేరే మనిషివి కూడా కలిసిపోయి ఉంటాయి. నేను ఒకసారి నా పేరే కొట్టి చూసుకుంటే నేనెప్పుడూ అడుగుపెట్టని రాష్ట్రంలో నాకో పాత చిరునామా పుట్టుకొచ్చింది. నెలవారీ సభ్యత్వం ఆపడం ఇంకో తలనొప్పి. చాలా సైట్ల అడుగున చిన్నక్షరాల్లో ఉంటుంది, మేము కన్స్యూమర్ రిపోర్టింగ్ ఏజెన్సీ కాదు, దీన్ని ఉద్యోగానికో ఇల్లు అద్దెకివ్వడానికో వాడొద్దని. కారణమేమిటంటే 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం అలాంటి పనికి రిపోర్టిచ్చేవాళ్ళకి బోలెడు బాధ్యతలున్నాయి, తప్పుంటే సరిదిద్దాలి, ఉద్యోగం కోసమైతే మనిషి అనుమతి ఉండాలి. కాబట్టి బేస్‌మెంట్ అద్దెకిస్తూ అద్దెకొచ్చేవాణ్ణి ఇలాంటి సైట్లో చెక్ చేసేవాళ్ళు, మీరే చిక్కులో పడతారు.

మగ్‌షాట్ (బుకింగ్‌లో తీసే ఫొటో) సైట్లది ఇంకా దారుణం. ఫొటో పెట్టేది వాళ్ళే, తీసేయడానికి డబ్బులడిగేదీ వాళ్ళే. 2018లో కాలిఫోర్నియా అలాంటి ఒక సైటు నడిపిన వాళ్ళ మీద బెదిరించి డబ్బు గుంజారని కేసు పెట్టింది. ఫొటో తీయడానికి ఫీజు అడక్కూడదని అక్కడ చట్టం కూడా ఉంది. న్యూయార్క్ రాష్ట్రం 2019లో బుకింగ్ ఫొటోలు మామూలుగా బయటికి ఇవ్వకుండా చేసింది. వేరే రాష్ట్రమైనా సరే ఆ సైటుకి డబ్బు కట్టే ముందు మీ రాష్ట్రంలో ఏం చట్టముందో లాయర్ని అడగండి.

జాబితాలో పేరెక్కిన మర్నాడే కుటుంబానికి ఫోన్లు కూడా వస్తాయి, "జైలు నుంచి మాట్లాడుతున్నాం, బాండ్ గిఫ్ట్ కార్డుల్లో కట్టండి" అని. వివరాలన్నీ సరిగ్గా చెప్తారు, ఎందుకంటే అవి బహిరంగంగానే ఉన్నాయి కదా. గిఫ్ట్ కార్డులు తీసుకునే జైలు ఎక్కడా లేదు. ఆ నంబరుకి కాకుండా షెరీఫ్ సైట్లో ఉన్న నంబరుకి మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

ఆ రాత్రి అబ్బాయి సంగతి చెప్పలేదు కదూ. రెండు కౌంటీలు వెతికాం, మూడోదాంట్లో ఇంటిపేరు ముందుపేరై తిరగబడి దొరికాడు, తాగి నడిపిన కేసు. మర్నాడు మధ్యాహ్నానికి బయటికొచ్చాడు. కేసు ముగిశాక క్లర్క్ ఆఫీసుకి పంపి సర్టిఫైడ్ డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో కోర్టు ధ్రువీకరించిన కాగితం) మూడు కాపీలు తెచ్చిపెట్టుకోమన్నాను, వీసా ఫారంలో అరెస్టయ్యావా అని అడుగుతారు, రికార్డు సీల్ చేయించుకున్నా (బయటికి కనపడకుండా మూయించుకున్నా) కేసు కొట్టేసినా "అయ్యాను" అనే రాయాలి, తర్వాత చూపించాల్సింది ఆ కాగితమే. ఒకటి లాయరుకిచ్చాడు, ఒకటి కాన్సులేట్‌కి పట్టుకెళ్ళాడు, మూడోది ఇప్పటికీ వాడి పాస్‌పోర్టు కవర్లోనే ఉంది.