విజయవాడ – హైదరాబాద్ పార్సిల్ లైనుకు ఏ బండి మేలు: బొలెరోనా, ఇంట్రానా, బడా దోస్తా?

పోయిన నెలలో మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, పార్సిల్ ఆఫీసు వాళ్లు రోజు విడిచి రోజు హైదరాబాద్ లోడు ఇస్తామంటున్నారు. షోరూంలో రెండు టన్నులు మోసే బండి చూపించారు. అదే బుక్ చేసెయ్యనా?"

"లోడు ఏంటి?" అని అడిగాను.

"పార్సిళ్లు."

"పార్సిళ్లంటే ఇనప సామానా, చిప్స్ అట్టపెట్టెలా?"

వాడి దగ్గర జవాబు లేదు. ముందు అది కనుక్కుని రా, బండి సంగతి తర్వాత మాట్లాడదాం అన్నాను. తొమ్మిదేళ్లుగా ఈ లైనులో సొంత బండి నడుపుతున్నాను. ఆరేళ్లు మహీంద్రా బొలెరో పికప్, ఆ తర్వాత టాటా ఇంట్రా వీ50. మధ్యలో మా బావమరిది అశోక్ లేలాండ్ బడా దోస్త్ మీద కూడా కొన్ని నెలలు తిరిగాను. కొత్తగా బండి కొనే ప్రతివాళ్లూ ముందు అడిగేది ఎన్ని టన్నులు లాగుతుందని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, మన సరుకు బరువు తూగేదా, చోటు తినేదా? రెండోది, రాత్రి మూడింటికి ఆ క్యాబిన్‌లో మనిషి కాళ్లు చాపుకోగలడా?

మొదటి ప్రశ్న చూద్దాం. గుంటూరు మిర్చి టిక్కీలు (బస్తాలు), టైల్స్, పైపు ఫిట్టింగులు ఎక్కిస్తే బాడీ సగం కూడా నిండకముందే కమాన్ పట్టీలు, అంటే బండి కింది స్ప్రింగు పట్టీలు, దిగిపోతాయి. అదే చిప్స్, డైపర్లు, ప్లాస్టిక్ బకెట్లు, పరుపులు అయితే పైకప్పు దాకా పేర్చినా కాటా మీద ఏడెనిమిది వందల కిలోలు దాటదు. ఇలాంటి సరుకుకు రెండు టన్నుల బండి కొంటే, మొయ్యని బరువుకు నెలనెలా కిస్తీ కట్టినట్టే.

షోరూంలో ఎవరూ మనకు గట్టిగా చెప్పని మాట ఒకటుంది. బొలెరో మ్యాక్స్ పికప్‌లో రెండు టన్నులు మోసే హెచ్‌డీ రకానికి బాడీ పొడవు 3,050 మిల్లీమీటర్లు, అంటే పది అడుగులు. టన్నున్నర మోసే ఇంట్రా వీ50కి 2,960. బరువులో అర టన్ను తేడా ఉన్నా పొడవులో తేడా మూడున్నర అంగుళాలే. చోటు తినే సరుకు మోసేవాడికి రెండూ దాదాపు ఒకే బండి.

ఇక మూడు టన్నుల గీత. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం మొత్తం బరువు, అంటే బండీ సరుకూ కలిపి ఆర్సీలో రాసే జీవీడబ్ల్యూ, 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. ఇంట్రా వీ30, వీ50, బడా దోస్త్ ఐ3 ఈ గీత లోపలే ఉంటాయి. బడా దోస్త్ ఐ4, 1.7 టన్నుల బొలెరో, రెండు టన్నుల బొలెరో గీత దాటిపోతాయి. 2014 జూన్ 2 దాకా విజయవాడ, హైదరాబాద్ ఒకే రాష్ట్రంలో ఉండేవి కాబట్టి పాతవాళ్లకు ఈ తేడా పెద్దగా తెలిసేది కాదు. ఇప్పుడు కోదాడ చేరకముందే వేరే రాష్ట్రం. గీత దాటిన బండికి రెండు చోట్లా చెల్లే పర్మిట్, దాని రెన్యువల్, ఆ తారీఖులు గుర్తుపెట్టుకునే టెన్షన్ ఉంటాయి. గీత లోపలి బండికి ఆ ఒక్క గొడవ తగ్గుతుంది. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, టాక్సు మాత్రం ఎవరికైనా తప్పవు. కొత్త బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఫిట్‌నెస్ రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. లైసెన్సు గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. ఎల్ఎంవీ (తేలికపాటి బండ్ల) లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు సరుకు బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఈ మూడు బండ్లకూ అది సరిపోతుంది.

మరి బొలెరో ఎందుకు కొనాలి? బరువు సరుకే మీ పని అయితే దానికి సాటి లేదు. రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, ముందు బానెట్ కింద ఉంటుంది. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు గేరు దించాల్సిన పని తక్కువ. ఊళ్లల్లో గుంతల రోడ్లు, ఇసుక దారులు, ఇటుక బట్టీలు, దేనికీ జంకదు. దారిలో ఏ చిన్న ఊళ్లో ఆగినా దాని పని తెలిసిన మెకానిక్ దొరుకుతాడు. అమ్మేటప్పుడు ధర కూడా నిలబడుతుంది. నా పాత బండి అమ్మకానికి పెట్టిన నాలుగో రోజే పోయింది.

కానీ లాంగ్ లైనులో దాని బలం సగమే అక్కరకొస్తుంది. ఈ బండ్లన్నిటికీ గంటకు 80 కిలోమీటర్ల దగ్గర స్పీడ్ గవర్నర్ పట్టేస్తుంది. 65వ నంబరు హైవే మీద పెద్ద ఇంజిన్ ఉన్నంత మాత్రాన ముందు చేరేది లేదు. డీజిల్ మాత్రం తేడా వస్తుంది. రానూపోనూ 550 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 12 ఇచ్చే బండి 46 లీటర్లు తాగితే, 15 ఇచ్చే బండి 37తో సరిపెడుతుంది. నెలకు పదిహేను ట్రిప్పులంటే 135 లీటర్ల తేడా. మీ బండి ఎంత ఇస్తుందో మీరే ట్యాంకు ఫుల్లు చేసి చూసుకోండి. కాగితం మీది మైలేజ్‌ని నమ్మి కిస్తీ లెక్క వేసుకోవద్దు.

ఇంకోటి, రిటర్న్ లోడు దొరక్క ఖాళీగా వచ్చే రోజులు. బరువుకోసం కట్టిన గట్టి కమాన్లు ఖాళీ బండిని ఎత్తెత్తి వేస్తాయి. ఆరేళ్లలో నా నడుముకు తెలిసిన సంగతి ఇది.

రెండో ప్రశ్న దగ్గరే నేను బండి మార్చాను. బొలెరోలో గేరు రాడ్డు కింద, సీట్ల మధ్యన ఉంటుంది. ఒంటరిగా వెళ్లే డ్రైవరు సూర్యాపేట దగ్గర ఓ గంట పడుకుందామంటే ఆ రాడ్డు పక్కటెముకల్లో పొడుస్తుంది. ఇంట్రాలోనూ బడా దోస్త్‌లోనూ గేరు రాడ్డు డ్యాష్‌బోర్డుకే ఉంటుంది. నేల చదునుగా ఉంటుంది. రెండు సీట్ల మధ్య సందులో దుప్పటి మడిచి పెట్టి, పైన పలచటి బొంత పరుచుకుంటే మోకాళ్లు కొంచెం ముడుచుకుని నిద్రపోవచ్చు. కాళ్లు పూర్తిగా చాపాలంటే డోరు గ్లాసు కిందికి పాదాలు పెట్టాలి. అయినా అది నిద్రే. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు లోపు కళ్లు మూతపడే టైములో ఆ నలభై నిమిషాలే మనిషిని ఇంటికి చేరుస్తాయి. ఈ రెండిట్లో ఇంజిన్ సీటు కిందే ఉంటుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కింది నుంచి సెగ తగులుతుంది, ఆయిల్ చూడాలంటే సీటు ఎత్తాలి. ఆ ఇబ్బంది ఉన్నా నేను నిద్ర వైపే నిలబడతాను.

ఏసీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు గానీ, మొత్తం బరువు మూడున్నర టన్నుల లోపున్న బండ్లకు ఆ రూలు లేదు. అంటే మనం అడిగి తీసుకుంటేనే ఏసీ. అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ మిగిలిన డబ్బు అలాయ్ వీల్స్‌కీ స్టిక్కర్లకీ పోకుండా ఏసీకి పోనివ్వండి.

ఇంట్రా, బడా దోస్త్ మధ్య? నడపడానికి రెండూ ఇంచుమించు ఒకటే. బడా దోస్త్‌ది ఒకటిన్నర లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్, స్టార్టింగ్‌లో అదురు కొంచెం తెలుస్తుంది, హైవే ఎక్కాక మర్చిపోతాం. ఐ3 మోసేది 1,400 కిలోల చుట్టూ, వీ50 మోసేది 1,500. నేనైతే కంపెనీని చూసి కాదు, నా దారిలో ఏ సర్వీస్ సెంటర్ రాత్రి ఎనిమిదింటికి కూడా బండి తీసుకుంటుందో చూసి ఎంచుకుంటాను. బండి ఆగితే సరుకు వేరే బండిలోకి మార్చాలి, ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే బిల్లు) బండి నంబరు మార్చాలి. ఆ బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజే చెల్లుతుంది. మన 275 కిలోమీటర్ల దారికి రెండు రోజులు. ఒక రోజు వర్క్‌షాపులో పోతే రెండో రోజంతా ఫోన్లతోనే గడుస్తుంది.

కంపెనీ నుంచే మూసిన వ్యాన్లు, వింగర్ కార్గో, ఫోర్స్ ట్రావెలర్ డెలివరీ వ్యాన్ లాంటివి, మందుల డబ్బాలకు బాగుంటాయి. హమాలీలు వంగి లోపలికి వెళ్లాల్సిన పని, పైగా పెట్టుబడి ఎక్కువ. కాంట్రాక్టు చేతిలో లేకుండా వాటి జోలికి వెళ్లొద్దు. కరెంటు బండ్లు ఊళ్లో పంపిణీకి మంచివే, ఈ దూరానికి చార్జింగ్ దగ్గర కూర్చునే టైము మనకు ఉండదు.

ఇక బాడీ. బరకం కప్పే ఓపెన్ బాడీనా, కంటైనరా? ఓపెన్ బాడీకి రిటర్న్ లోడు సులువుగా దొరుకుతుంది. ఫర్నిచర్, ఇనప రాడ్లు, మొక్కలు, ఏదైనా పైనుంచి దించొచ్చు. కంటైనర్‌లో పార్సిల్ తడవదు, దొంగ చెయ్యి పడదు, బరకం కట్టి తాడు బిగించే అరగంట మిగులుతుంది. అయితే దాని బరువు మన పేలోడులోంచే, అంటే బండి మోసే సరుకు బరువులోంచే, పోతుంది. రేకునూ చెక్కనూ బట్టి రెండు మూడు వందల కిలోలు ఇట్టే తినేస్తుంది. కట్టించిన రోజే ఖాళీ బండిని కాటా వేయించి ఆ చీటీ దాచుకోండి. ఎంత ఎక్కించొచ్చో అప్పుడే తెలుస్తుంది. ఓవర్‌లోడుకు పడే జరిమానా ఇరవై వేలు, పైన ప్రతి టన్నుకు మరో రెండు వేలు. బాడీ రకం మారితే ఆర్సీలో కూడా ఎక్కించుకోవాలి.

పార్సిల్ లైనుకు నా ఓటు కంటైనర్‌కే. కానీ కట్టేవాడిని నమ్మి కళ్లు మూసుకోవద్దు. నా మొదటి కంటైనర్ ఓ షెడ్డులో కట్టించాను. పెయింటు మెరిసిపోతుంటే మురిసిపోయి డబ్బులిచ్చి తెచ్చుకున్నాను. ఆగస్టులో నకిరేకల్ దాటాక కుండపోత వాన. హైదరాబాద్‌లో డోరు తీసేసరికి పద్నాలుగు అట్టపెట్టెల నోటుపుస్తకాలు ఉబ్బి, అట్టలు జిగురు వదిలి చేతికి అంటుకుంటున్నాయి. పైకప్పు రేకుల అతుకు మీద స్క్రూలు వేసి, పైన సీలెంట్ రాయకుండా పెయింటు కొట్టేశారు. ఆ నెల కిరాయి మొత్తం ఆ పుస్తకాలకే పోయింది.

అప్పటి నుంచి బాడీ తీసుకునే రోజు ఒక పని చేస్తున్నాను. మిట్టమధ్యాహ్నం కంటైనర్ లోపలికెళ్లి బయట నుంచి డోర్లు మూయిస్తాను. రెండు నిమిషాలు కళ్లు చీకటికి అలవాటు పడనివ్వాలి. తర్వాత పైకి చూస్తే, ఎక్కడ సూది మొనంత బెజ్జం ఉన్నా నక్షత్రంలా మెరుస్తుంది. సుద్దముక్కతో ఒక్కోదాని కింద గుర్తు పెట్టి బయటికొస్తాను. తర్వాత పైన పైపుతో పావుగంట నీళ్లు కొట్టిస్తాను. డోరు అంచు రబ్బరు దగ్గర తడి తగిలితే ఆ రబ్బరు మార్చేదాకా బండి కదపను.

లోపల నేలకు ప్లైవుడ్ వేయించండి. ఉత్త రేకైతే పెట్టెలు జారతాయి, చెమ్మ పడుతుంది. పక్క గోడలకు మూడు వరుసల్లో పట్టీ తగిలించే రింగులు, రెండు రాట్చెట్ బెల్టులు. సగం లోడు దించాక మిగతా పెట్టెలు కూలకుండా ఆపేవి అవే. లోపల ఒక ఎల్ఈడీ పట్టీ, వెనక కెమెరా. రిఫ్లెక్టివ్ టేపు ముందు తెల్లది, పక్కల పసుపు, వెనక ఎర్రది. పంతంగి టోల్ దగ్గర పొగమంచులో వెనకొచ్చే లారీకి మనల్ని చూపించేది ఆ టేపే. స్టెప్నీలో గాలి నెలకోసారి చూసుకోండి, ఎక్కువమంది మర్చిపోయేది ఇదే.

వారం తర్వాత మా వాడు మళ్లీ వచ్చాడు. లోడు వివరం కనుక్కున్నాడు: బట్టలు, చెప్పులు, ప్లాస్టిక్ సామాను, ఎప్పుడైనా మోటారు స్పేర్లు. ఎక్కువ రోజులు ఎనిమిది వందల కిలోలు దాటదట. రెండు టన్నుల బండి ఆలోచన అక్కడితో ఆగింది. మా ఊరి వైపు బడా దోస్త్ సర్వీస్ సెంటర్ దగ్గర కాబట్టి ఐ3 తీసుకోమన్నాను, ఏసీతో, కంటైనర్‌తో. బాడీ కొలతలు ఇవ్వడానికి ఆటోనగర్ వెళ్లిన రోజు వాడితో చెప్పుల కంపెనీ అట్టపెట్టె ఒకటి మోయించాను. వరసకు మూడు పెట్టెలు పట్టాలి. మేస్త్రీ గీసిన వెడల్పులో, పక్క ప్లైవుడ్ మందం తీసేస్తే రెండు పెట్టెలే పట్టి మూడోది అంగుళం బయటికొచ్చింది. పక్కలకు ప్లైవుడ్ తీసేసి పలచటి రేకు వేస్తే మూడూ పట్టాయి. ఆ పెట్టెను మేస్త్రీ దగ్గరే వదిలేసి వచ్చాం, వెల్డింగ్ అయ్యేదాకా కొలతకు పెట్టుకోమని.