పర్లాకిమిడిలో ఆరేళ్లు, బరంపురంలో ఆరేళ్లు: సరిహద్దు ఊళ్లలో కాపురం గురించి ఒక సమీక్ష

2013 వేసవిలో మా మందుల పంపిణీ సంస్థ ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల పని నాకు అప్పగించి, ఈ మూడింటిలో ఎక్కడ ఇల్లు తీసుకున్నా అభ్యంతరం లేదని చెప్పింది. అప్పటికి మా పాపకు నాలుగేళ్లు. అమ్మకు అరవై దాటాయి. నా భార్యకు ఒరియాలో ఒక్క ముక్క రాదు. రాజాం పక్కన పుట్టి పెరిగిన మాకు ఒడిశా పరాయి దేశమేమీ కాదు గాని, చుట్టపుచూపుగా వెళ్లి రావడం వేరు, గ్యాస్ కనెక్షన్ మార్చుకుని బియ్యం డబ్బాతో సహా తరలిపోవడం వేరు. పన్నెండేళ్లు గడిచాక, రెండు ఊళ్లలో కాపురం చేసి మూడో ఊరిని వదులుకున్న అనుభవంతో ఇది రాస్తున్నాను.

వదులుకున్న ఊరు రాయగడ. నాగావళి, మజ్జిగౌరమ్మ గుడి, విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలు మార్గం, బజారులో వినిపించే తెలుగు, అన్నీ మాకు నచ్చాయి. అయితే అప్పట్లో రెండు మూడేళ్లలో స్థలం కొనాలన్న పట్టుదల నాకు ఉండేది. రాయగడ, కోరాపుట్, నవరంగపూర్, మల్కాన్‌గిరి జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతం (గిరిజనుల రక్షణ కోసం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతం) కావడం వల్ల, 1956 నాటి రెండో రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి రావడానికి వీల్లేదు. గిరిజనేతరుల మధ్య అమ్మకాలకు ఆ అడ్డు లేకపోయినా, ఇవాళ అమ్మేవాడి పేరు చూసి ఊరుకుంటే చాలదు, ఆ భూమి అతనికి ఎవరి నుంచి వచ్చిందో వెనక్కి తవ్వి చూసుకోవాలి. మాకు స్థలం చూపిన మధ్యవర్తి ఆ ప్రశ్న అడగగానే టీ తెప్పించి మాట మార్చాడు. మేము అక్కడితో లేచి వచ్చేశాం. అద్దెకు ఉండేవాళ్లకు ఈ చిక్కేదీ లేదు. ఇప్పుడు ఆలోచిస్తే, చివరికి ఎక్కడా స్థలం కొనని నేను, స్థలం పేరు చెప్పి ఒక మంచి ఊరిని తోసిపుచ్చానని అనిపిస్తుంది.

గజపతి జిల్లాలోని పర్లాకిమిడి మమ్మల్ని ఇట్టే కలుపుకుంది. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఆటో ఎక్కి వెళ్లి కూరగాయలు, తెలుగు పత్రిక తెచ్చుకునేంత దగ్గర. పాలు పోసే ఆమె, దర్జీ, మందుల దుకాణం అబ్బాయి అందరూ తెలుగులో మాట్లాడేవారు. అమ్మ వచ్చిన పదిహేను రోజులకే వీధి అరుగు మీద స్థిరపడింది. ఊరు ఎంచుకునేవాళ్లు బడి, ఆసుపత్రి, అద్దె అని లెక్కలు వేస్తారు గాని, ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లు ఎవరి తోడూ లేకుండా వైద్యుడికి తమ నొప్పి చెప్పుకోగలరా, దుకాణదారుతో బేరమాడగలరా అన్నదే మొదటి లెక్క కావాలని నా అభిప్రాయం. ఆ లెక్కలో పర్లాకిమిడికి నూటికి నూరు.

ఈ ఊరితో తెలుగుకు ఉన్న బంధం చిన్నది కాదు. గిడుగు రామమూర్తి పంతులు ఉపాధ్యాయుడిగా పనిచేసి, సవర భాష నేర్చుకున్నది ఇక్కడే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన వద్దనుకున్న రాష్ట్రానికి మేము డెబ్బై ఏడేళ్ల తరువాత కోరి వచ్చామని నేను నవ్వుతూ అంటే, పక్కింటి మాస్టారికి ఆ పోలిక రుచించేది కాదు.

చిన్నపిల్లలకు ఆ ఊరు ఎంత హాయో, చదువు ముదిరేకొద్దీ అంత ఇరుకు. పాప చేరిన బడిలో ఒరియా తప్పనిసరి. ఆరు నెలల్లో గుండ్రటి అక్షరాలు గబగబా రాసేసింది, మాకంటే ముందే వీధి బోర్డులు చదివి వినిపించేది. తెలుగు మాత్రం బడిలో లేదు. రోజూ సాయంత్రం అరగంట పలకా బలపం పట్టి మేమే నేర్పాం. సెలవుల విషయంలో మాత్రం ప్రతి ఏడూ మనసు కష్టపడేది. జూన్‌లో రజ పండుగకు, దసరాకు ఒడిశాలో సెలవులు ఇస్తారు గాని, మన వైపు వారానికి పైగా ఉండే సంక్రాంతి సెలవులు అక్కడ లేవు. కనుమ నాడు ఊళ్లో అందరూ కలిసి భోంచేస్తుంటే మేము పాపను బడికి పంపడానికి తిరుగు రైలు వెతుక్కునేవాళ్లం.

వైద్యం సంగతి మరో ఎత్తు. జ్వరాలకు, దెబ్బలకు జిల్లా ఆసుపత్రి సరిపోయింది. 2015లో బాబు పుట్టేటప్పుడు కాన్పు కష్టమవుతుందని తేలడంతో శ్రీకాకుళం వెళ్లాం. రోడ్డు బాగుంటే రెండు గంటల లోపు ప్రయాణం, బరంపురం వెళ్లాలంటే మూడు గంటలకు పైమాటే. సరిహద్దు ఊరి సుఖం ఇదేనని అప్పట్లో గట్టిగా నమ్మాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ నమ్మకం సడలింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. నదులు పొంగి దారులు తెగాయి. అటు శ్రీకాకుళం వైపు కూడా అదే తుపాను కరెంటు స్తంభాలను నేలకూల్చింది. రెండు రాష్ట్రాలు అందుబాటులో ఉన్నాయనుకున్నవాళ్లం తొమ్మిది రోజులు కరెంటు లేకుండా, చేదబావి ఉన్న ఇంటి ముందు బిందెలు పట్టుకుని నిలబడ్డాం. తీరానికి దగ్గరలో ఇల్లు చూసుకునేవాళ్లు మెరక ప్రాంతమా కాదా, బావి ఉందా లేదా అన్నది తప్పక అడగండి. మోటారు ఉంది కదా అని ఊరుకోవద్దు.

పాప ఆరో తరగతికి వస్తుండటంతో 2019 ఏప్రిల్‌లో బరంపురం మారాం. అక్కడ బళ్లు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి. ఆంధ్రలో జూన్ వరకు వేసవి సెలవులే కాబట్టి అటు నుంచి పిల్లల్ని తెచ్చేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోకపోతే చేరేసరికే రెండు పాఠాలు అయిపోతాయి.

బరంపురం అసలైన పట్టణం. 1962లో మొదలైన, పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టిన వైద్య కళాశాల ఆసుపత్రి, 1967 నాటి విశ్వవిద్యాలయం, హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీద రైలు స్టేషను, సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి గోపాలపూర్ సముద్రం, ఇవన్నీ ఒకే చోట ఈ చుట్టుపక్కల మరెక్కడా దొరకవు. వి.వి. గిరి పుట్టిన ఊరు కూడా ఇదే. బడులు ఎంచుకునేందుకు వీలు ఉంది. పాపకు లెక్కల మాస్టారు దొరికారు, బాబుకు ఈత నేర్పేవారు దొరికారు. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర నెలరోజులూ పిల్లలు ఇంటి పట్టున ఉండరు.

అయినా అమ్మకు ఈ ఊరు అచ్చిరాలేదు. తెలుగు వినపడదని కాదు, పాత పేటల్లో బాగానే వినిపిస్తుంది. మేమున్నది కొత్త కాలనీ. తలుపులు వేసుకుని ఉండే ఇళ్లు, ఎవరి పని వారిది. మొదటి అద్దె ఇంట్లో వాన పడితే మురుగు నీరు గుమ్మం దాకా వచ్చేది. యజమానికి నాలుగుసార్లు చెప్పి, అడ్వాన్సులో కొంత పోగొట్టుకుని ఖాళీ చేశాం. వానాకాలంలో ఒకసారి వీధి చూడకుండా ఇక్కడ ఇల్లు ఖాయం చేసుకోవడం తెలివితక్కువ. 2020 వసంతంలో కరోనా వల్ల సరిహద్దులు మూసేసినప్పుడు అమ్మ రాజాం దగ్గర మా ఊళ్లో ఉండిపోయింది. పాతిక కిలోమీటర్ల దూరంలో ఆంధ్ర వైపు ఉన్న ఇచ్ఛాపురం చెక్‌పోస్టు మాకు ఆ రెండు నెలలూ దాటరాని గోడ అయింది.

కాగితాల పని గురించి రెండు మాటలు. ఆంధ్ర నంబరుతో తెచ్చుకున్న స్కూటరును పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే, పాత చోటి నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి కొత్త నంబరు తీసుకోవాలి. నేను మూడేళ్లు బద్ధకించి జరిమానా కట్టాను. అంతకంటే పెద్ద సంగతి రిజర్వేషన్లది. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వలస వెళ్లినవారికి కులం సొంత రాష్ట్రంలోనిదిగానే లెక్క, కొత్త రాష్ట్రం ఇచ్చే రిజర్వేషన్లు వర్తించవు. పిల్లల పై చదువులు ఆలోచించేవాళ్లు దీన్ని ఊరు ఎంపికకు ముందే చూసుకోవాలి.

నేను చూసుకోనిది మరొకటి ఉంది. ఆంధ్రలో వృత్తి విద్యా కళాశాలల సీట్లలో 85 శాతం స్థానికులవి. స్థానికుడు కావాలంటే ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలన్నది ప్రధానమైన నిబంధన, అంటే తొమ్మిదో తరగతికల్లా తిరిగి వెళ్లాలి. ఇది నాకు తెలిసేసరికి పాప బరంపురంలో పదో తరగతిలో ఉంది. ఆమె ఇక్కడే ప్లస్ టూ చదువుతోంది, నివాస ధ్రువపత్రం కోసం నేను తహసీలు కార్యాలయం చుట్టూ తిరుగుతున్నాను. బాబు ఇప్పుడు ఐదో తరగతి. అతనికి ఇంకా మూడేళ్ల పైచిలుకు గడువు ఉంది. అందుకే పోయిన ఆదివారం ఇచ్ఛాపురం వెళ్లి అద్దెలు కనుక్కుని వచ్చాను. ఆఫీసుకు రోజూ పాతిక కిలోమీటర్లు నేను తిరుగుతాను. అమ్మ అప్పుడే అడిగింది, ఆ ఇంటికి అరుగు ఉందా అని.