ఓబీ డంప్ మీద కాయిర్ మ్యాట్: రెండు ఎండాకాలాలు చూశాక నా రివ్యూ

కాయిర్ మ్యాట్ అంటే వాలు మీద మట్టి, విత్తనం కొట్టుకుపోకుండా పరిచే కొబ్బరి పీచు వల. దానికి 5కి 3.5 ఇస్తున్నా. ఆ ఒకటిన్నర ఎందుకు కోశానో చెప్పాలంటే మ్యాట్ కన్నా డంప్ గురించే ఎక్కువ మాట్లాడాలి, కాస్త ఓపిక పట్టండి.

మాది ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని పక్కనున్న ఓబీ గుట్ట, అంటే బొగ్గు పొర తగిలేదాకా తవ్వి పోసిన రాయి, షేల్ (పొరలు పొరలుగా విడిపోయే రాయి), మట్టి. వాన రెండు మూడు నెలలే, అదీ కుండపోత, మిగతా ఏడాదంతా ఎండ. మధ్యాహ్నానికి ఆ నల్లటి షేల్ ముక్కల మీద అరచెయ్యి ఆనించలేం, ఇక మొలక సంగతి చెప్పక్కర్లేదు. మొదట్లో వట్టి విత్తనాలే చల్లాం. తొలి వానకే సగం కొట్టుకుపోయి వాలు అడుగున ఒక్కచోట గడ్డి గుబురుగా లేచింది, పైనంతా బోడిగుండు.

అప్పుడు ఈ మ్యాట్ తెప్పించాం. వల అల్లిక, చదరపు మీటరుకు 700 గ్రాముల రకం. కొబ్బరి పీచులో లిగ్నిన్ (పీచుకి గట్టిదనం ఇచ్చే, తొందరగా కుళ్లని పదార్థం) 40 శాతం పైనే ఉంటుంది, అందుకే జనపనార వల చివికిపోయాక కూడా ఇది నిలబడుతుంది, మాది ఇప్పటికీ చేత్తో లాగితే తెగట్లేదు. మొన్నటి ఎండల్లో ఒక మూల మేకు పీకి ఎత్తి చూశా. పైన నిప్పుల కొలిమి, కింద మట్టిలో ఇంకా కాస్త తడి. మేం చల్లిన స్టైలో (పశుగ్రాసపు మొక్క) వేర్లు పీచులోకి ఎలా అల్లుకుపోయాయంటే ఏది వేరో ఏది తాడో విడదీయలేక అలాగే మళ్లీ కప్పేశా. ప్లాస్టిక్ వలలో పాములు చిక్కుకుని చస్తుంటాయి, దీంతో ఆ పాపం లేదు, ఎప్పటికైనా మట్టిలో కలిసిపోతుంది.

ఇక గొడవ దగ్గరికొద్దాం. "పరిచెయ్యండి సార్, పచ్చబడిపోతుంది" అన్నారు అమ్మినవాళ్లు. పరిచే మనుషుల్ని కూడా వాళ్లే పంపారు. వాళ్లేమో రాళ్లు ఏరలేదు, గుంటలు పూడ్చలేదు, గుడారం కట్టినట్టు బిగించి లాగేశారు. మ్యాట్ నేలకి అంటుకుని ఉండాలి, మధ్యలో సందు ఉంటే నీళ్లు కిందికి దూరి కాలువలు కోసేస్తాయి. అదే అయింది, ఒక పెద్ద వాన తర్వాత వెళ్లి చూస్తే రెండు రోల్స్ దండెం మీద చీరల్లా వేలాడుతున్నాయి. తర్వాత మేమే పై అంచున చిన్న కందకం తవ్వి, మ్యాట్ అంచు అందులో పాతి, పక్క రోల్ మీదికి జానెడు ఎక్కించి మేకులు దగ్గర దగ్గరగా కొట్టాం, అప్పట్నుంచి కదల్లేదు. వాలు మరీ నిటారుగా ఉంటే మాత్రం ఏ మ్యాటూ ఆపలేదు, ముందు డోజర్ పెట్టి తగ్గించుకోవాల్సిందే.

ఇంకో ముక్కలో మ్యాట్ బంగారంలా ఉంది, గడ్డిపరక లేదు. పరీక్ష చేయిస్తే పీహెచ్ 4 కన్నా తక్కువ, అంటే బాగా ఆమ్లపు మట్టి. షేల్‌లో ఉండే ఇనుము-గంధకం ఖనిజం పైరైట్‌కి గాలి, నీరు తగిలి ఆమ్లం పుడుతోంది, దానికి మ్యాట్ ఏం చేస్తుంది పాపం. సున్నం కలిపి, డోజర్లు తొక్కి తొక్కి రాయిలా చేసిన నేలని రిప్పర్‌తో చీల్చి, పైమట్టి పరిచాక గానీ అక్కడ విత్తనం మొలవలేదు. ఆ పైమట్టి కూడా ఏళ్ల తరబడి ఎత్తైన కుప్పగా పడి ఉంటే లోపల గాలాడక సగం ప్రాణం పోతుంది, ఎంత తొందరగా వాడితే అంత మంచిది. ఇవేవీ బ్రోచర్‌లో లేవు, ఆ ఒకటిన్నర పోయింది అక్కడే.

ఒక వానాకాలం ఫోటోలు చూపించి మురిసిపోయేవాళ్లకి అమెరికా 1977 గనుల చట్టం చదివి వినిపించాలనుంది నాకు. అక్కడ చివరిసారి విత్తిన దగ్గర్నుంచి 5 ఏళ్లు పచ్చదనం బాధ్యత గనివాళ్లదే, ఏడాదికి 26 అంగుళాలు, అంతకన్నా తక్కువ వాన పడే చోట అయితే 10 ఏళ్లు. మనం చూసింది రెండే.

మళ్లీ కొంటారా అంటే, కొంటాం. పడమటి ఎండ తగిలే వాలుకి ఈసారి 900 గ్రాముల రకం చెప్పాం. మ్యాట్ మాత్రమే పంపండి, మనుషులు వద్దు అని కూడా చెప్పాం.