అమ్మనే అడిగిన డాక్టర్: మలక్‌పేటలో ఒక కిడ్నీ క్లినిక్ గురించి

నేను వనస్థలిపురంలో ఉంటాను, గవర్నమెంట్ హైస్కూల్లో టీచర్ని. మా అమ్మకు 79 ఏళ్లు. సొంతూరు నల్గొండ దగ్గర పల్లె, నాన్న పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటోంది. ఇరవై ఏళ్లుగా షుగరు ఉంది, నాలుగేళ్ల కింద గుండెకు స్టెంట్ వేశారు. సంక్రాంతి తర్వాత కాళ్లు వాచాయి, అన్నం చూస్తేనే వికారం అనడం మొదలుపెట్టింది. టెస్టులు చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 5.2, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే లెక్క) 8 వచ్చాయి. ఈజీఎఫ్ఆర్ 15 కన్నా తగ్గితే కిడ్నీ జబ్బు చివరి దశకు వచ్చినట్టే.

ముందు ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లాం. పేరు చెప్పను. అక్కడి డాక్టర్ రిపోర్టులు చూసి, "ఈ రోజే అడ్మిట్ చేయండి, మెడ దగ్గర కాథెటర్ గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెడదాం" అన్నారు. సంతకం పెట్టమని నా చేతికి ఇచ్చిన కాగితాలు నాలుగు పేజీలు, అన్నీ ఇంగ్లిష్‌లోనే. అమ్మ పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె వైపు ఒక్కసారి కూడా చూడలేదు ఆయన. ఆయన చెప్పిన వైద్యం తప్పని నేననడం లేదు. చాలామందికి అదే ప్రాణం నిలబెడుతుంది. కానీ ఎన్నాళ్లు చేయాలి, చేయకపోతే ఏమవుతుంది, వేరే దారి ఏదైనా ఉందా అని అడిగితే "టైమ్ వేస్ట్ చేయకండమ్మా" అన్నారు. సంతకం పెట్టకుండా రెండు రోజులు టైమ్ అడిగి బయటికి వచ్చాను. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మా స్టాఫ్‌రూమ్‌లో ఒక మేడమ్ ఈ క్లినిక్ గురించి చెప్పారు. మలక్‌పేటలో, మెట్రో స్టేషన్ నుంచి ఆటోలో ఐదు నిమిషాలు. రెండు గదులు, స్టీలు కుర్చీలు, గోడకు ఒక ఫ్యాను. కన్సల్టేషన్ 500. టోకెన్లు రోజుకు ఇరవై దాటి ఇవ్వరు, అయినా మేం రెండున్నర గంటలు కూర్చున్నాం. ఎందుకంత ఆలస్యమో లోపలికి వెళ్లాక అర్థమైంది. మా ఒక్కరికే నలభై నిమిషాలు పట్టింది.

అమ్మను బయట కూర్చోబెట్టి నేనొక్కదాన్నే ముందు లోపలికి వెళ్లాను. "సార్, అమ్మకు ఏమీ చెప్పలేదు, మీరు కూడా చెప్పకండి, భయపడిపోతుంది" అన్నాను. మన ఇళ్లలో అందరం చేసేదే కదా. ఆయన కోప్పడలేదు. "నాకు తెలియనక్కర్లేదు, మా బిడ్డతో మాట్లాడండి అని అమ్మ తనే అంటే చెప్పను. మీరు వద్దంటే మాత్రం ఆగలేను. సూది గుచ్చేది ఆమె ఒంటికి కదమ్మా" అన్నారు.

అమ్మ లోపలికి రాగానే తన కుర్చీ టేబుల్‌కు ఇవతలకు, ఆమె పక్కకు జరుపుకున్నారు. మొదటి ప్రశ్న జబ్బు గురించి కాదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేస్తారని అడిగారు. అమ్మ మొదట మొహమాటపడి, తర్వాత అంతా చెప్పింది. తులసికి నీళ్లు, పిల్లలకు టిఫిన్ బాక్సులు, తన బువ్వ తనే వండుకోవడం, శుక్రవారం లక్ష్మీపూజ. అప్పుడు అడిగారు: "కిడ్నీల సంగతి ఎంతవరకు తెలుసుకోవాలనుంది? అంతా చెప్పనా, కొంచెమే చెప్పనా?" "అంతా చెప్పు నాయనా, వీళ్ల మొఖాలు చూస్తే నాకు అర్థమైతనే ఉంది" అంది అమ్మ. ఆ మాట విని నేను తల దించుకున్నాను.

చెప్పింది తెలుగులోనే చెప్పారు. ప్రిస్క్రిప్షన్ వెనక మధ్యలో గీత గీసి, అటు డయాలసిస్ చేస్తే, ఇటు చేయకపోతే అని పెద్ద అక్షరాలతో రాశారు. డయాలసిస్ అంటే మిషన్‌తో రక్తం శుద్ధి చేయడం, వారానికి మూడు సార్లు, సారికి నాలుగు గంటలు. మిషన్‌కు రక్తం తీయడానికి చేతిలో రక్తనాళాలు కలిపే ఫిస్టులా ఆపరేషన్ చేస్తే అది పనికొచ్చేలా తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది. 75 దాటి, గుండె జబ్బు కూడా ఉన్నవాళ్లలో డయాలసిస్ వల్ల పెరిగే ఆయుష్షు చాలా తగ్గిపోతుందని, కొందరిలో తేడా దాదాపు కనిపించదని చెప్పారు. చేయించుకోకపోతే వైద్యం మానేసినట్టు కాదు. నీరు దిగడానికి మాత్రలు, రక్తం పెరగడానికి ఇంజెక్షన్లు, వికారానికి, దురదకు మందులు నడుస్తాయి. కానీ కిడ్నీలు మాత్రం తిరిగి రావు, ఆ దారి చివర ఉండేది మరణమే. ఈ మాట కూడా దాచలేదు. నెల రోజులు డయాలసిస్ చేసి చూసి, నచ్చకపోతే ఆపే దారి కూడా ఉందన్నారు. ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉచితం కాబట్టి డబ్బు గురించి ఆలోచించి నిర్ణయం తీసుకోవద్దన్నారు.

అమ్మ ముందు అడిగింది రెండే ప్రశ్నలు. "మిషన్ మీద పండుకున్న దినం పొద్దూకినంక లేచి నా బువ్వ నేను వండుకుంటనా?" మీ వయసులో ఆ రోజంతా నీరసంగానే ఉంటుందనుకోండి, అన్నారాయన. "ఏ ఏ వారాలు?" అంటే, సోమ బుధ శుక్ర, లేదంటే మంగళ గురు శని అన్నారు. "శుక్రవారం నాకు కుదరదు సారూ" అంది అమ్మ. వేరే ఎవరైనా అయితే నవ్వి ఊరుకునేవారు. ఈయన పెన్ను తీసి ఆ కాగితం మీద 'శుక్రవారం పూజ' అని రాసుకున్నారు.

"మీ అమ్మకైతే ఏం చేస్తవ్ నాయనా?" అని కూడా అడిగింది, బయటికి వచ్చేముందు. "మా అమ్మకు ఒంటరిగా ఉండాలంటే భయం, ఆస్పత్రిలో నలుగురి మధ్య ఉంటేనే ధైర్యం. అందుకని ఆమెకు పనికొచ్చేది మీకు పనికిరాదు. మీరు చెప్పింది వింటే మీకు ఇల్లే ముఖ్యమని నాకు అనిపిస్తోంది. వారం ఆలోచించుకోండి" అన్నారు. నిర్ణయం మా మీదకు తోసేసి ఊరుకోలేదు, తన అభిప్రాయం చెప్పి ఆగారు. ఆయనలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

అసలు కష్టం మా ఇంట్లో మొదలైంది. డయాలసిస్ చేయించకపోవడానికి బెంగళూరులో ఉన్న అన్నయ్య ఒప్పుకోలేదు. "ఎంతైనా పెడతాను, తల్లికి వైద్యం చేయించలేదని రేపు నలుగురూ అంటే?" అని ఫోన్లో ఏడ్చాడు. డాక్టర్ గారు రాత్రి తొమ్మిదింటికి అన్నయ్యతో పన్నెండు నిమిషాలు మాట్లాడారు. ఏం చెప్పారని అడిగితే, "అమ్మ ఏమందో ఆమె మాటల్లోనే చదివి వినిపించారు" అన్నాడు. ఆ ఆదివారం అన్నయ్య వచ్చాడు. అమ్మ తన నోటితో డయాలసిస్ వద్దని చెప్పింది. వాడు ఆమె కాళ్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు.

తర్వాత లివింగ్ విల్ గురించి, అంటే చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే కాగితం గురించి కూడా డాక్టర్ గారే చెప్పారు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకుంది. అప్పుడు మేజిస్ట్రేట్ సంతకం కావాల్సి వచ్చేది. 2023 జనవరిలో దాన్ని సులువు చేసి, ఇద్దరు సాక్షుల ముందు నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ సంతకం చేస్తే చాలన్నారు. మా హెచ్ఎం మేడమ్ గెజిటెడ్ ఆఫీసరే. ఇంటికే వచ్చి, కాగితమంతా అమ్మకు చదివి వినిపించి, సంతకం చేశారు. అమ్మ సంతకం కూడబలుక్కుంటూ పెట్టింది, ఒక్కో అక్షరం ఒక్కో సైజులో.

ఇది జరిగి ఏడు నెలలైంది. వికారం తగ్గింది, వాపు పెరుగుతూ తగ్గుతూ ఉంది. మామిడికాయ తొక్కు పూర్తిగా మానేయమంటారని భయపడింది అమ్మ. ఉప్పు నీరు పట్టేలా చేస్తుందని చెప్పి, ఆదివారం మాత్రం పిల్లలకు మందు పోసే చిన్న చెంచాతో ఒక్క చెంచా ఒప్పుకున్నారు. ఆ చెంచా ఇప్పుడు తొక్కు జాడీ మీదే ఉంటుంది. వెళ్లిన ప్రతిసారీ "మీ మాట అదేనా? ఎప్పుడైనా మార్చుకోవచ్చమ్మా, నేనేమీ అనుకోను" అని అడుగుతారు. ఇప్పటిదాకా మార్చుకోలేదు.

లోపాలూ ఉన్నాయి. నాలుగు మెట్లు ఎక్కాలి, వీల్‌చెయిర్‌కు వాలుదారి లేదు. కాళ్లు వాచినవాళ్లు వచ్చే చోట ఇది ఉండి తీరాలి, ఆయనకూ చెప్పాను. పార్కింగ్ లేదు. ల్యాబ్ లేదు, రక్తపరీక్షలు బయటే చేయించుకోవాలి. పేరు వేయొద్దని డాక్టర్ గారు కోరారు. జనం పెరిగితే ఒక్కొక్కరికి ఇంత టైమ్ ఇవ్వలేనంటారు. అందుకే రాయడం లేదు. ఐదుకు నాలుగున్నర ఇస్తాను, అర మార్కు ఆ మెట్ల కోసం తీశాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి నిర్ణయం నడుస్తుంటే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా పెట్టుకుని, అడగాల్సినవి రాసుకుని వెళ్లండి. పేషెంట్‌ను బయట కూర్చోబెట్టకండి. నేను చేసిన తప్పు అదే.